ముల్లు కింది బల్ల

బూరను లోపల దాచుకున్న గ్రామఫోనుకు విడిగా బల్ల అక్కర్లేదు. అదే ఒక బల్ల. 1906లో అమెరికాలో విక్టర్ కంపెనీ తెచ్చిన విక్ట్రోలాలో బూరను పెట్టె లోపలికి మడిచారు. ముందు తలుపులు ఎంత తెరిస్తే పాట అంత గట్టిగా వినిపించేది. తర్వాత వచ్చిన రేడియోగ్రామ్‌దీ అదే దారి: రేడియో, రికార్డు ప్లేయరు, స్పీకరు అన్నీ ఒకే చెక్క బీరువాలో. చూడ్డానికి ముచ్చటే కానీ, స్పీకరు అదురు చెక్క గుండా ముల్లును చేరేది. ముల్లు దాన్నీ పాటగానే తీసుకుని మళ్లీ స్పీకరుకు పంపేది. వాల్యూమ్ మరీ పెంచితే గుయ్యిమని ఊళ మొదలయ్యేది.

1958లో స్టీరియో ఎల్‌పీలు రావడంతో చిక్కు ముదిరింది. మోనో ఎల్‌పీ గాడిలో ముల్లు అటూ ఇటూ ఊగితే చాలు. స్టీరియోలో గాడి రెండు గోడలూ చెరో చానెల్‌ను మోస్తాయి కనుక పైకీ కిందికీ కదలడం కూడా సంగీతంలో భాగమే. నేల అదురూ పైకీ కిందికీ ఉండేదే. 1961లో అమెరికాలో ఎడ్గర్ విల్చర్ దీనికో మందు కనిపెట్టాడు. ఆయన ఏఆర్ టర్న్‌టేబుల్‌లో పళ్లెమూ, ముల్లు చెయ్యీ కలిసి స్ప్రింగుల మీద తేలుతుంటాయి. పెట్టెను తట్టినా పాట చెదరదు. 1970ల తొలినాళ్లలో గ్లాస్గోలో ఐవర్ టీఫెన్‌బ్రన్ మొదలుపెట్టిన లిన్ కంపెనీ ఎల్‌పీ12 కూడా ఈ కోవదే.

అయితే స్ప్రింగు తనకంటే వేగమైన అదురునే ఆపగలదు. తన లయకే దగ్గరగా ఉన్నదాన్ని పెంచుతుంది. ఇలాంటి స్ప్రింగులు సెకనుకు మూడు నుంచి ఐదుసార్లు ఊగుతాయి. బ్రిటన్ పాత ఇళ్లలో నేల అంటే దూలాల మీద పరిచిన చెక్కలే. మనిషి నడిస్తే అవి ఊగేదీ సెకనుకు కొన్నిసార్లే. ఎవరైనా గది దాటితే చాలు, ముల్లు గంతేసేది. అసలు హై-ఫై స్టాండు పుట్టుకకు కారణం ఈ చెక్కనేలే.

బ్రిటిష్ దుకాణాలు రెండు మార్గాలు చూపాయి. ఒకటి, టర్న్‌టేబుల్‌ను నేలతో సంబంధం లేకుండా గోడకు బిగించిన బ్రాకెట్ మీద పెట్టడం. ఇటుక గోడ ఉన్నచోట ఇదే మేలైనది. రెండోది, తేలికైన ఇనుప బల్ల: చదరపు గొట్టాలను వెల్డింగ్ చేసిన చట్రం, దాని మూలల్లో పైకి లేచిన మొనలు, ఆ మొనల మీద ఊరికే ఆనించిన పలక, కాళ్ల కింద మరో నాలుగు మొనలు. బరువైన బల్ల అదురును నెమ్మదిగా పట్టి ఉంచి పాటను మందగింపజేస్తుందని వీటిని సమర్థించేవాళ్లు వాదించేవారు. రాతిపలకలు, ఇసుక వాడేవాళ్లు ఒప్పుకునేవారు కాదు. ఆ తగాదా ఇప్పటికీ తెగలేదు.

స్పీకర్ల కథ ఇంతకంటే సూటిగా ఉంటుంది. 1970లలో బీబీసీ తన బయటి ప్రసారాల వ్యాన్ల కోసం రూపొందించిన ఎల్‌ఎస్3/5ఎ, చిన్న పెట్టె. దాన్ని చెవి ఎత్తుకు లేపాలంటే స్టాండు తప్పదు. ఇనుప గొట్టాల్లో ఇసుకో, సీసపు గుళ్లో నింపేవారు. పెట్టెకూ స్టాండుకూ మధ్య బ్లూ-ట్యాక్ అనే జిగురు ముద్దలు అద్దేవారు. కింది మొనలు కార్పెట్‌ను దాటి చెక్కను పట్టుకునేవి.

1982లో సీడీ వచ్చింది. అందులో గాడిని తాకే ముల్లే లేదు. లేజరును సర్వో అనే సర్దుబాటు యంత్రాంగం దారిలో ఉంచుతుంది, చిన్న తప్పుల్ని ప్లేయరు తనే దిద్దుకుంటుంది. న్యాయంగా అయితే ర్యాకుల వ్యాపారం అక్కడితో సన్నగిల్లాలి. జరిగింది వేరు: సీడీ ప్లేయరుకూ, ఆంప్లిఫయరుకూ, కరెంటు సరఫరా పెట్టెకూ విడివిడి అరలు వచ్చాయి. నెయిమ్ కంపెనీ ఫ్రెయిమ్ ర్యాకులో గాజుపలక చిన్న ఉక్కు గుండ్ల మీద నిలుస్తుంది. వాల్వు ఆంప్లిఫయర్లకు ఇలా అదురును ఆపడం వల్ల కొంత ప్రయోజనం ఉంది. వాల్వును వేలితో తడితే స్పీకరులో టింగుమంటుంది. ట్రాన్సిస్టరు యంత్రాల విషయంలో మాత్రం అమ్మేవాళ్ల మాటకున్న గట్టిదనం ఆధారాలకు లేదు.

హైదరాబాద్ అపార్టుమెంట్లలో ఉండే కాంక్రీటు స్లాబు మీద అడుగుల బెడద దాదాపు ఉండదు. అక్కడ మిగిలేది రేడియోగ్రామ్ నాటి పాత చిక్కే: టర్న్‌టేబుల్‌నూ స్పీకర్లనూ ఒకే అరలో పెట్టకూడదు.