బేగంబజార్‌లో నడిచేవాళ్లకి దారేది?

ఈరోజు మన టాపిక్ ఒక బజార్. స్టీలు గిన్నెలు, డ్రై ఫ్రూట్స్, మసాలాలు, పూజా సామాగ్రి, ప్లాస్టిక్ సామాన్లు... ఏది హోల్‌సేల్‌లో కావాలన్నా హైదరాబాద్‌లో ముందు గుర్తొచ్చే పేరు బేగంబజార్. మరి అక్కడ నడిచేవాళ్లకి, సైకిల్ తొక్కేవాళ్లకి చోటెక్కడుంది? అసలు ఎప్పుడైనా ఉండేదా? దీనికి జవాబు కావాలంటే ఓ 250 ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

ఇప్పుడు మనం దీన్ని ఓల్డ్ సిటీ అంటాం గానీ, పుట్టినప్పుడు ఇది సిటీ బయట ఉంది. అప్పట్లో సిటీ అంటే మూసీకి దక్షిణాన, చార్మినార్ చుట్టూ, ప్రహరీ గోడ లోపల ఉన్న ఊరే. 1578లో కట్టిన పురానాపూల్ దాటి ఇవతలికి వస్తే శివారు. నిజాం అలీ ఖాన్, అంటే రెండో అసఫ్ జా, 1762 నుంచి 1803 దాకా పాలించాడు. ఆయన భార్య హమ్దా బేగం ఈ భూమిని వ్యాపారులకి ఇచ్చిందని, ఆ పేరు అలాగే వచ్చిందని చెబుతారు. మార్వాడీలు, గుజరాతీలు, గోసాయిలు ఇక్కడ కొట్లు పెట్టారు, వడ్డీ వ్యాపారం చేశారు. ఒకవైపు నిజాం నగరం, ఇంకోవైపు కోఠిలో బ్రిటిష్ రెసిడెన్సీ. మధ్యలో డబ్బూ సరుకూ చేతులు మారే చోటు ఇది.

ఇప్పుడు ఒక్కసారి ఆలోచించండి. ఆ రోజుల్లో సరుకు ఎలా వచ్చేది? ఎద్దుల బండి మీద, గుర్రం మీద, హమాలీ వీపు మీద. అన్నీ దాదాపు మనిషి నడిచే స్పీడులోనే కదిలేవి. కాబట్టి ఫుట్‌పాత్ అని విడిగా ఒకటి కట్టాల్సిన అవసరమే పడలేదు. వీధి మొత్తం ఫుట్‌పాతే! తర్వాత లారీ వచ్చింది, స్కూటర్ వచ్చింది, టాటా ఏస్ వచ్చింది. బండి మారింది, వీధి మాత్రం అదే. సమస్య మొదలైంది అక్కడే.

అయితే మన హైదరాబాద్‌కి నడిచేవాళ్ల గురించి ఆలోచించడం రాదా అంటే, బాగా వచ్చు. 1908 సెప్టెంబర్ 28న మూసీ వరద వచ్చింది. వేల మంది చనిపోయారు. నదికి ఈ పక్కన అఫ్జల్‌గంజ్, బేగంబజార్ వైపు కూడా ఘోరంగా దెబ్బతింది. ఆ తర్వాత 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టారు. ఆ బోర్డు చేసిన పనుల్లో ఒకటి పత్తర్‌గట్టి. రోడ్డు వెడల్పు చేశారు, కానీ అంతటితో ఆగలేదు. రెండు పక్కలా రాతి కమాన్లతో షాపుల వరస కట్టారు. షాపు ముందు కమాన్ల కింద నీడలో నడిచే దారి వదిలారు. ఎండైనా వానైనా మనిషి నడవొచ్చు, షాపుకి గిరాకీ తగ్గదు. ఫుట్‌పాత్‌ని బిల్డింగ్ డిజైన్‌లోనే కలిపేశారన్నమాట! అదీ దాదాపు వందేళ్ల క్రితం.

ఇప్పటి లెక్క చూద్దాం. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే, వాళ్లలో 32,825 మంది నడుచుకుంటూ వెళ్తున్నవాళ్లు. అంటే దాదాపు ప్రతి ఐదుగురిలో ఒకరు. బేగంబజార్‌లో బండ్ల స్పీడ్ తక్కువే, నిజమే. కానీ రివర్స్ తీసే ట్రాలీ ఆటో, సందులోంచి సడన్‌గా దూసుకొచ్చే బైక్, అంబులెన్స్‌కి కూడా దారి దొరకని జామ్... ఇక్కడి ప్రమాదం ఈ టైపు. పక్కనే గోషామహల్ చాక్నవాడిలో 2022 డిసెంబర్‌లో ఏం జరిగిందో గుర్తుందా? నాలా మీద కప్పు కూలి బండ్లు, కూరగాయల దుకాణాలు అందులో పడిపోయాయి. రోడ్డు సేఫ్టీ అంటే హెల్మెట్, సిగ్నల్ మాత్రమే కాదు, కాలి కింద ఏముందన్నది కూడా.

"రోడ్డు వెడల్పు చేసెయ్యండి, అయిపోతుంది" అని చాలామంది అంటారు. కోడింగ్ చేసేవాళ్లకి తెలుసు, మెమరీ లీక్ ఉన్న ప్రోగ్రామ్‌కి ర్యామ్ పెంచితే అది కూడా నిండిపోతుంది. ఇదీ అంతే. పది అడుగులు పెంచితే ఆ పది అడుగుల్లో ఇంకో వరస పార్కింగ్ వస్తుంది. పాత ఇళ్లు పోతాయి, నడిచేవాడు మాత్రం మళ్లీ రోడ్డు మధ్యలోనే ఉంటాడు.

వేరే దారి ఉందా? ఢిల్లీ చాందినీ చౌక్ చూడండి. అది కూడా బేగంబజార్ లాగే పాత హోల్‌సేల్ బజార్. 2021 సెప్టెంబర్‌లో ఎర్రకోట దగ్గర నుంచి ఫతేపురి మసీదు దాకా రోడ్డుని కొత్తగా తయారుచేసి తెరిచారు. పొద్దున 9 నుంచి రాత్రి 9 దాకా మోటార్ బండ్లు బంద్, సైకిల్ రిక్షాలకి ఓకే. సరుకు ఆ టైమ్ బయటే దించుకోవాలి. పర్ఫెక్ట్‌గా నడుస్తోందా అంటే లేదు, నిఘా తగ్గితే బండ్లు మళ్లీ దూరుతాయి. కానీ ఐడియా మాత్రం క్లియర్: రోడ్డుని వెడల్పుతోనే కాదు, టైమ్‌తో కూడా పంచొచ్చు. మన చార్మినార్ చుట్టూ కూడా ఏళ్ల తరబడి నలిగిన ప్రాజెక్టు తర్వాత రాళ్లు పరిచి బండ్లు ఆపారు. పిల్లల్ని వదిలేసి ప్రశాంతంగా ఫొటోలు దిగగలుగుతున్నాం అంటే అందుకే.

సైకిల్ సంగతికొద్దాం. 2023 అక్టోబర్‌లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ ఓపెన్ చేశారు. మంచిదే, ఐటీ వైపు వాళ్లు వీకెండ్‌లో తొక్కుతారు. మరి పొట్టకూటి కోసం రోజూ ట్రాలీ రిక్షా తొక్కే మనిషి, తోపుడు బండి నెట్టే హమాలీ? వాళ్లకి ఒక్క మీటర్ కూడా లేదు. పొగ రాని బండి వాళ్లది, చోటు కూడా తక్కువే తీసుకుంటుంది. అయినా జామ్ అయితే ముందు తిట్లు పడేది వాళ్లకే.

వ్యాపారుల భయం కూడా న్యాయమైనదే. యాభై కిలోల బస్తా కొన్నవాడు దాన్ని మోసుకుంటూ మెట్రో ఎక్కలేడు కదా. అందుకే రూల్ ఒక్కటే సరిపోదు, ఏర్పాటు కూడా కావాలి. తెల్లవారుజామున లోడింగ్ అన్‌లోడింగ్. పగలు మెయిన్ వీధుల్లో నడక, తోపుడు బండ్లు, రిక్షాలు మాత్రమే. బజార్ అంచున పార్కింగ్, అక్కడిదాకా సరుకు తెచ్చేది హమాలీలే. వాళ్ల పని పోదు, పెరుగుతుంది. 2014 స్ట్రీట్ వెండర్స్ చట్టం ప్రకారం చిరు వ్యాపారులకి గుర్తింపు, చోటు ఇవ్వాలి, వాళ్లని తరిమేసి ఫుట్‌పాత్ ఖాళీ చేశాం అంటే కుదరదు. ఇక ఫుట్‌పాత్ అంటారా, ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ గైడ్‌లైన్స్ ప్రకారమే కనీసం 1.8 మీటర్లు అడ్డు లేకుండా ఉండాలి. అంత చోటు లేని సందుల్లో? పాత పద్ధతే: వీధి మొత్తం నడిచేవాళ్లది, బండి వాళ్ల స్పీడులో పోవాలి.

ఇదంతా ఇప్పుడే ఎందుకంటే, 2025 జనవరి 31న గోషామహల్‌లో కొత్త ఉస్మానియా ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది. 2,000 పడకల ఆసుపత్రి అన్నారు. అంటే రేపు ఇదే ఏరియాకి రోజూ వేలమంది పేషెంట్లు, ముసలివాళ్లు, గర్భిణులు వస్తారు, చాలామంది బస్సు దిగి నడిచే. ఆసుపత్రి గోడలు లేవకముందే చుట్టూ దారులు ప్లాన్ చేస్తే చౌకగా అయిపోతుంది. తర్వాత చేద్దాం అంటే మళ్లీ కూల్చడాలు, కోర్టు కేసులు.

వందేళ్ల క్రితం వరద వచ్చాక మనవాళ్లు పత్తర్‌గట్టి కట్టారు. ఈసారి వరద దాకా ఆగక్కర్లేదు. మీ ఊళ్లో కూడా ఇలాంటి బజార్ ఉంటే, అక్కడ నడవడం ఎలా ఉందో కామెంట్‌లో చెప్పండి. తర్వాతి ఎపిసోడ్‌లో కలుద్దాం. జాగ్రత్తగా రోడ్డు దాటండి, బై!