తీర్థకాకం

కోనసీమలో ఎవరైనా "తీర్థానికి వెళ్తున్నాం" అంటే కాశీకో రామేశ్వరానికో బయల్దేరారని అనుకోకూడదు. పక్క ఊరికెళ్లి జీళ్లూ ఖర్జూరం కొనుక్కుని, పిల్లల్ని రంగులరాట్నం ఎక్కించి, రద్దీ తగ్గితే దేవుణ్ణి కూడా చూసుకుని, దీపాలవేళకి ఇంటికొచ్చేస్తారని అర్థం. గుంటూరు వైపు వాళ్లకి తిరునాళ్లు, తెలంగాణలో జాతర, మాకు తీర్థం. తిరునాళ్లలో అరవవారి 'తిరునాళ్' ఉంది, అంటే పుణ్యదినం. జాతర 'యాత్ర'కి వికృతి. వాళ్లు రోజుని పట్టుకున్నారు, వీళ్లు నడకని పట్టుకున్నారు. మేం రేవుని పట్టుకున్నాం.

తీర్థమంటే మొదట రేవే. దాటడమనే అర్థమున్న 'తౄ' ధాతువులోంచి పుట్టింది. తరించడం, తరణం, తారకం అన్నీ దాని చుట్టాలే. ఏటిలోకి దిగడానికీ అవతలి ఒడ్డుకి చేరడానికీ అనువైన చోటు తీర్థం. రేవులో స్నానం చేస్తాం కాబట్టి అది పుణ్యస్థలమైంది. పుణ్యస్థలంలోని నీళ్లకీ ఆ పేరే వచ్చింది. ఆ నీళ్లు గుళ్లో పూజారిగారి ఉద్ధరిణెలోకి ఎక్కి మన అరచేతిలో పడ్డాయి. పుణ్యస్థలం చుట్టూ జనం చేరితే అంగళ్లు వెలిశాయి, అంగళ్లున్న చోటికి పిల్లలు మారాం చేసి వచ్చారు. ఆ సందడికంతటికీ కలిపి గోదావరి జిల్లాలవాళ్లు తీర్థమనే అన్నారు. ఒక్క మాట ఏటి ఒడ్డున బయల్దేరి జీళ్ల కొట్టు దాకా నడిచిందన్నమాట.

అమరకోశం ఈ మాటకి నీటిపట్టు, శాస్త్రం, ఋషులు సేవించిన జలం, గురువు అని అర్థాలు చెప్పింది. మొదటిదీ మూడోదీ సరే. గురువెందుకొచ్చాడు? దాటించేవాడు కాబట్టి. ఒకే గురువు దగ్గర చదివినవాళ్లు సతీర్థ్యులు. ఒక రేవులో దిగినవాళ్లని దాని లోపలి అర్థం. దీనికోసం పాణిని విడిగా ఒక సూత్రమే రాశాడు. సహాధ్యాయి అంటే పక్క బల్ల మీద కూర్చున్నవాడు కావచ్చు. సతీర్థ్యుడన్నప్పుడు మాత్రం పక్కనే మోకాళ్లలోతు నీళ్లలో నిలబడ్డవాడు కనిపిస్తాడు. గోదావరి పాయలైన గౌతమికీ వశిష్ఠకీ నడుమ, మధ్యలో వైనతేయ చీల్చిన లంక నేల మాది, దక్షిణాన సముద్రం. వంతెనలు రాకముందు పై చదువుకి ఎటు పోవాలన్నా పంటో పడవో ఎక్కాల్సిందే. గురువుకీ రేవుకీ ఒకే పేరేమిటని ఇక్కడివాడెవడూ ఆశ్చర్యపోనక్కర్లేదు.

ఈ కుటుంబంలోనే ఒక తిట్టు కూడా ఉంది, తీర్థకాకం. పతంజలి మహాభాష్యంలో దాన్ని విప్పి చెప్పాడు. రేవులో కాకులు ఒకచోట ఎక్కువసేపు నిలవవు, అలాగే గురుకులాలకి వెళ్లి ఎక్కడా నిలకడగా ఉండని విద్యార్థి తీర్థకాకం. అంటే రెండువేల ఏళ్ల కిందటే చదువు పేరు చెప్పి ఊళ్లు చూసే కుర్రాళ్లు ఉన్నారు, వాళ్లని చూసి పళ్లు కొరికే పంతుళ్లూ ఉన్నారు. పాపం ఆ కాకి వైపు వాదించినవాళ్లు ఎవరూ ఉన్నట్టు లేదు.

మా చుట్టాలబ్బాయి ఒకడు యూరప్‌లో చదువుతున్నాడు. సెలవులివ్వగానే వీపు మీద సంచి తగిలించుకుని స్పెయిన్ మీద పడ్డాడు. రోజూ సాయంత్రం అమలాపురంలో ఉన్న అమ్మమ్మకి ఫోన్ చేయడం, ఆవిడ విచారించడం.

"ఇవాళ ఏ తీర్థంరా?"

"సలమాంకా అమ్మమ్మా. 1218లో పెట్టిన విశ్వవిద్యాలయం ఉంది."

"దేవుడెవరు?"

"దేవుడు కాదు, కప్ప. గోడ నిండా చెక్కిన శిల్పాల్లో ఎక్కడో పుర్రె మీద ఓ కప్ప కూర్చునుంటుంది. ఎవరూ చూపించకుండా దాన్ని కనిపెడితే పరీక్ష పాసవుతారట."

"అయితే మన అయినవిల్లి వినాయకుడి లాంటివాడే. కలం కూడా ఇస్తాడేంటి?"

అయినవిల్లి సిద్ధివినాయకుడి గుళ్లో పరీక్షల ముందు కలాలకి పూజచేసి పిల్లలకి పంచుతారు. కాబట్టి ఆవిడ అడిగినదాంట్లో తప్పేమీ లేదు. మర్నాటి మజిలీ బార్సిలోనా. సగ్రద ఫమీలియా చర్చి చూడ్డానికి టికెట్టు కొన్నానన్నాడు. "ప్రత్యేక దర్శనమా?" అంది. 1882లో మొదలెట్టారు, ఇంకా కడుతూనే ఉన్నారన్నాడు. "మన వంతెన కాంట్రాక్టరే అయ్యుంటాడు" అని ఫోన్ పెట్టేసింది.

తీర్థం, దర్శనం అన్న మాటలు ఆవిడ వేళాకోళానికి అనలేదు. ఊరు చూడటం వేరు, దేవుణ్ణి చూడటం వేరు అని ఆవిడ భాషలో లేదు. 'పర్యాటకం' మనకి పుస్తకాల్లోంచి వచ్చిన మాట. 'అటనం' అంటే తిరగడం. భిక్షాటనలో ఉన్నదీ అదే. నెలాఖరున స్పెయిన్‌లో తిరిగే విద్యార్థికి ఈ బంధుత్వం నిఘంటువు చూడకుండానే తెలిసిపోతుంది.

స్పెయిన్‌వాళ్ల దగ్గర మా తీర్థానికి సరిజోడు మాట ఒకటుంది, రొమేరియా. రోముకి యాత్ర వెళ్లేవాడు రొమేరో. అందులోంచి పుట్టిన రొమేరియా కాలక్రమంలో అంత దూరం నడవడం మానేసింది. ఇప్పుడది ఊరి శివారులోనో కొండ మీదో ఉన్న గుడికి జనమంతా కలిసి తిండీ పాటలతో వెళ్లిరావడం. అండలూసియాలో ఎల్ రొసియో అనే చోటికి గుర్రాలూ ఎద్దుబళ్లూ కట్టుకుని తరలిపోతారు. మాట పుట్టింది మహానగరం పేరున, స్థిరపడింది పల్లె సందడిలో. తీర్థమూ అంతేగా!

వాళ్ల తీర్థకాకులకీ పేరుంది. వెనకటికి అక్కడ డబ్బులేని విద్యార్థులు సత్రాల ముందూ మఠాల ముందూ పాటలు పాడి, చెంచా చేతపట్టుకుని సూప్ తాగి చదువుకునేవారు. వాళ్లని సోపిస్తాలనేవారు. నల్ల అంగీలు తొడుక్కుని వీధుల్లో పాడుతూ తిరిగే విద్యార్థి బృందాలు ఇప్పటికీ ఆ వంశం మాదేనని చెప్పుకుంటాయి. మా అగ్రహారాల్లో వారాలు చేసుకుని చదివిన కుర్రాళ్లు పాటలు పాడనక్కర్లేకపోయింది, వేళకి గుమ్మంలో నిలబడితే చాలు. కాకపోతే వారానికి ఏడిళ్లు మారాలి. కాకి జాతకమే.

తెలుగులో చదువుకోసం ప్రయాణమైన హాస్యపాత్రల్లో పెద్దవాడు పార్వతీశం. మొక్కపాటి నరసింహశాస్త్రి గారు 1924లో తెచ్చిన 'బారిస్టర్ పార్వతీశం' నవల కథానాయకుడిది వశిష్ఠ దాటి నరసాపురం మీదుగా వెళ్తే వచ్చే మొగల్తూరు. అతను చదివిన న్యాయశాస్త్రం ఎవరికీ గుర్తులేదు. మద్రాసులో కొని పెట్టుకున్న ఆడవాళ్ల టోపీ మాత్రం నూరేళ్లయినా తెలుగువాళ్ల నెత్తి మీదినుంచి దిగలేదు. బారిస్టరు కావడానికి వెళ్లినవాణ్ణి మనం యాత్రికుడిగానే దాచుకున్నాం.

పాత అర్థంలో తీర్థమంటే ఏమిటో కూడా కోనసీమకి బాగానే తెలుసు. పుష్య అమావాస్యనాడు చొల్లంగిలో మొదలయ్యే సప్తసాగర యాత్ర గోదావరి పాయలు సముద్రంలో కలిసే చోట్ల స్నానాలు చేసుకుంటూ అంతర్వేదిలో ముగుస్తుంది. అలాంటి బాటసారులకి లంకల గన్నవరంలో వేళ కాని వేళ కూడా అన్నం పెట్టింది డొక్కా సీతమ్మ గారు (1841–1909). ఆవిడ ఒక్కసారి తాను కూడా అంతర్వేది తీర్థం చూద్దామని పల్లకీలో బయల్దేరారట. దారిలో కొందరు, ఆకలని ఏడుస్తున్న పిల్లలకి సీతమ్మగారింటికి చేరితే అన్నం దొరుకుతుందని నచ్చజెప్పడం వినబడింది. పల్లకీ వెనక్కి తిప్పించి, వాళ్లకంటే ముందే ఇల్లు చేరి వండిపెట్టారని చెప్పుకుంటారు. వైనతేయ మీది అక్విడక్టుకి ఆవిడ పేరే పెట్టారు. దాటే చోటికి దాటించినావిడ పేరు! పెట్టినవారికి వ్యుత్పత్తి తట్టి ఉండదుగానీ, సరిగ్గా పడింది.

అన్నిట్లోకీ నాకిష్టం కనుమనాటి జగ్గన్నతోట ప్రభల తీర్థం. మొసలపల్లి దగ్గర కొబ్బరితోటలోకి పదకొండు ఊళ్లనుంచి పదకొండుగురు రుద్రులు ఎత్తుగా కట్టి అలంకరించిన ప్రభలెక్కి వస్తారు. అక్కడ గుడి లేదు. దేవుళ్లే ఒకరినొకరు చూసుకోడానికి తీర్థం వస్తారు, మనం వాళ్ల వేడుక చూడ్డానికి వెళ్తాం. 2023 గణతంత్ర దినోత్సవంలో ఈ తీర్థం శకటంగా ఢిల్లీ దాకా వెళ్లొచ్చింది. శకటంలో చూపించలేనిది ఒకటుంది. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు తోటకి చేరాలంటే ఎగువ కౌశిక దాటాలి. అంతెత్తు ప్రభని కుర్రాళ్లు భుజాలకెత్తుకుని, అరుపులూ కేకలతో నీళ్లలోకి దిగి, తడవకుండా అవతల గట్టెక్కిస్తారు. తౄ ధాతువుకి ఇంతకన్నా మంచి వ్యాఖ్యానం ఏ పండితుడూ రాయలేడు. పైగా మోసేవాళ్లలో కాలేజీ కుర్రాళ్లే ఎక్కువ కనిపిస్తారు, సెలవులకి ఊళ్లోకొచ్చిన కాకులు.

తీర్థం పుచ్చుకోవడమనే మాట మాత్రం గుడి వదిలి చాలా దూరం పోయింది. ఎవరైనా సాయంత్రం కాస్త తూలితే "తీర్థం పుచ్చుకున్నట్టున్నాడు" అంటాం. ఎన్నికలొచ్చాయంటే పత్రికలన్నీ ఫలానా నాయకుడు ఫలానా పార్టీ తీర్థం పుచ్చుకున్నాడని రాస్తాయి. నిరుడు ఒక ఉద్ధరిణె, ఈ ఏడు ఇంకో ఉద్ధరిణె, నామినేషన్ల గడువులోగా మూడోది. రైలు టికెట్టుకి డబ్బులు లెక్కపెట్టుకుంటూ కప్పని వెతుక్కునే కుర్రాడి మీద పతంజలి తిట్టు వృథా చేయకండి. వాడేమీ కోట్లు తీసుకుని రేవు మారడం లేదు. పత్రికలవాళ్లు తీర్థం దాకా వచ్చి ఆగిపోయారు, ఆ పక్కనే ఇంకో రెండక్షరాల కాకి ఉంది.