చిమ్మట కన్ను, సీతాకోకచిలుక రెక్క: సౌర ఘటాలపై సూక్ష్మ నిర్మాణాలు

సౌర ఘటంపై పడిన కాంతి వెనక్కి పోకుండా, కొన్ని కీటకాల శరీరంపై కనిపించే అమరికలను అనుకరిస్తూ తయారుచేసే ఉపరితలాలివి. ఈ అమరికల్లో మొదటిది చిమ్మట కంటిది. ఆ కంటిపై సుమారు 200 నానోమీటర్ల ఎత్తున్న బుడిపెలు దగ్గర దగ్గరగా వరసకట్టి ఉంటాయని 1962లో బెర్న్‌హార్డ్, మిల్లర్ వెల్లడించారు. వీటివల్లే చిమ్మట కన్ను అంతగా తళుక్కుమనదు.

నున్నటి సిలికాన్ తనపై పడిన కాంతిలో దాదాపు మూడో వంతును తిప్పికొడుతుంది. గాలి వక్రీభవన గుణకం 1, సిలికాన్‌ది 3.5కు పైనే, ఆ మార్పు ఒక్కసారిగా జరగడమే కారణం. బుడిపెలు కాంతి తరంగదైర్ఘ్యం కన్నా చిన్నవి కాబట్టి కాంతికి అవి విడివిడిగా ఆనవు. కొన దగ్గర గాలి ఎక్కువ, మొదట్లో పదార్థం ఎక్కువ. అందువల్ల గుణకం గడపలా అడ్డుపడక, ఏటవాలు బాటలా క్రమంగా పెరుగుతుంది. 1973లో ఇంగ్లండ్‌లో క్లాఫమ్, హట్లీ లేజర్ సాయంతో ఇలాంటి ఉపరితలాన్ని తయారుచేశారు.

అయితే కాంతి లోపలికి వెళ్లినంత మాత్రాన కరెంటు రాదు. బుడిపెలతో ఉపరితల వైశాల్యం పెరుగుతుంది. అక్కడ బంధం కుదరని పరమాణువులు కాంతి పుట్టించిన ఆవేశాలను మింగేస్తాయి. చిమ్మటకు ఈ బెడద లేదు. సూదుల్లాంటి నిర్మాణాలతో నిండిన 'నల్ల సిలికాన్' ఏళ్ల తరబడి ఇక్కడే తడబడింది. 2015లో ఫిన్లాండ్‌లోని ఆల్టో విశ్వవిద్యాలయ బృందం, బార్సిలోనా పరిశోధకులతో కలిసి, సూదులకు పలుచని అల్యూమినా పూత వేసి, విద్యుత్ తీగలన్నిటినీ ఘటం వెనక్కి మార్చింది. సామర్థ్యం 22.1 శాతానికి చేరింది.

ఇళ్ల కప్పులపై కనిపించే పలకల్లో మాత్రం క్షార ద్రావణంతో చెక్కిన పిరమిడ్లు, సిలికాన్ నైట్రైడ్ పూతే ఎక్కువ. పలకల నీలిరంగు ఆ పూతదే. చవకైన ఈ పద్ధతిని పక్కకు నెట్టడం తేలిక కాదు.

మందమైన సిలికాన్ కన్నా పలుచని పొరల ఘటాలకు ఇలాంటి సాయం మరింత అవసరం. కాంతి వాటిలో పూర్తిగా ఇంకకముందే దాటిపోతుంది. 2017లో జర్మనీలోని కార్ల్‌స్రూహె సాంకేతిక సంస్థ పరిశోధకులు 'కామన్ రోజ్' సీతాకోకచిలుక నల్ల రెక్కలను పరిశీలించారు. ఈశ్వరి తీగ ఆకులు తిని పెరిగే ఈ సీతాకోకచిలుక తెలుగు నేలపైనా ఎగురుతుంది. రెక్క పొలుసుల్లోని రంధ్రాలు ఒకే కొలతలో, ఒకే వరసలో ఉండవు. ఆ తీరులోనే పలుచని అస్ఫటిక సిలికాన్ పొరలో రంధ్రాలు చేస్తే, నున్నటి పొరతో పోల్చినప్పుడు కాంతి శోషణ నిటారు కిరణాలకు సుమారు 90 శాతం, బాగా ఏటవాలు కిరణాలకు 200 శాతం దాకా పెరిగింది. ఈ అంకెలు శోషణకు సంబంధించినవి. ఘటం ఇచ్చే విద్యుత్తు అదే నిష్పత్తిలో పెరుగుతుందని కాదు.