కాంటాక్టుల జాబితాలో కనిపించని కార్మికులు: మహమ్మారిలో ఆసుపత్రి పారిశుధ్య సిబ్బందికి పొంచి ఉన్న ముప్పు

కోవిడ్ రోజుల్లో ఆసుపత్రిలో ఒక రోగికి పాజిటివ్ అని తేలగానే వచ్చే మొదటి ప్రశ్న: ఈ మనిషికి దగ్గరగా ఎవరెవరు వెళ్లారు? దానికి జవాబుగా తయారయ్యేదే కాంటాక్టుల జాబితా. అందులో పేరుంటే పరీక్ష, క్వారంటైన్, ఆ రోజులకు జీతం అడగడానికి ఒక ఆధారం దొరుకుతుంది. ప్రాణం పోతే కుటుంబం బీమా అడగడానికీ ఆ కాగితాలే దిక్కు. పేరు లేనివాళ్లు మర్నాడు మళ్లీ చీపురు పట్టుకుని అదే వార్డుకు వెళ్లాల్సిందే. వైరస్‌ను ఆపడానికి రాసుకునే ఈ జాబితా కార్మికుడికి హక్కు పత్రంగానూ పనిచేస్తుంది. అందుకే అందులోకి ఎవరి పేరు ఎక్కుతుంది, ఎవరిది ఎక్కదు అన్నది దళిత ఉద్యమాలు పట్టించుకోవాల్సిన విషయం.

జాబితా ఎలా తయారవుతుంది

రోగికి లక్షణాలు మొదలవడానికి రెండు రోజుల ముందు నుంచి ఆ రోగి దగ్గరకు వెళ్లినవారిని వెతకడం కాంటాక్ట్ ట్రేసింగ్‌లో మొదటి మెట్టు. లక్షణాలు బయటపడక ముందే వైరస్ ఇతరులకు అంటుతుంది కాబట్టి ఈ లెక్క. ఊళ్లో అయితే రోగిని, ఇంటివాళ్లను అడుగుతారు. ఆసుపత్రిలో రికార్డులు తిరగేస్తారు. కేస్ షీట్‌లో డాక్టరు రాత, నర్సు సంతకం ఉంటాయి. దుప్పటి మార్చిన ఆయా, బెడ్‌పాన్ కడిగిన స్వీపరు, స్ట్రెచర్ తోసిన వార్డు బాయ్, శవాన్ని మార్చురీకి చేర్చిన కార్మికుడు కేస్ షీట్‌లో ఎక్కడా సంతకం పెట్టరు. వాళ్లలో చాలామంది హాజరు ఏజెన్సీ పుస్తకంలో ఉంటుంది. ఆ రోజు ఏ వార్డులో పనిచేశారో అందులో ఉంటుందన్న నమ్మకం లేదు.

2020 మే సూచనలు ఏం చెప్పాయి

ఆసుపత్రి సిబ్బంది విషయంలో కేంద్ర ఆరోగ్య శాఖ 2020 మే 15న సూచనలు జారీ చేసింది. కాంటాక్టులను హై రిస్క్, లో రిస్క్ అని రెండుగా విడగొట్టింది. సరైన పీపీఈ లేకుండా రోగికి సేవ చేసినవారు, మాస్కు వంటి రక్షణ లేకుండా మీటరు లోపు దూరంలో పదిహేను నిమిషాలకు మించి ఎదురెదురుగా ఉన్నవారు, శరీర ద్రవాలు ప్రమాదవశాత్తు మీద పడినవారు హై రిస్క్ కిందికి వస్తారు. వారికి క్వారంటైన్. మిగతావారంతా లో రిస్క్. వారు ఆరోగ్యాన్ని తామే గమనించుకుంటూ పని కొనసాగించాలి.

ఈ కొలతలు డాక్టరు, నర్సు పనిని చూసి గీసినవి. స్వీపరు రోగి ఎదుట పదిహేను నిమిషాలు నిలబడకపోవచ్చు. కానీ ఒక్కో షిఫ్టులో రోగులందరి మంచాల కింద ఊడుస్తుంది, వాళ్లు వాడిన మరుగుదొడ్లు కడుగుతుంది, వాళ్ల చెత్త మోస్తుంది. ద్రవాలు మీద పడితే హై రిస్కే. అయితే ఆ సంగతి ఎవరైనా రిపోర్టు చేయాలి. సూపర్‌వైజర్‌కు చెబితే పని పోతుందేమోనని భయపడే మనిషి ఎవరికి చెబుతుంది?

వ్యర్థాల విషయంలో మాత్రం ఈ ముప్పును కాగితం మీద గుర్తించారు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020 మార్చిలోనే కోవిడ్ వ్యర్థాలపై మార్గదర్శకాలు ఇచ్చింది. చెత్త ఎత్తే కార్మికులకు మూడు పొరల మాస్కు, తడవని ఏప్రాన్, నైట్రైల్ గ్లౌజులు, గమ్ బూట్లు, కళ్లద్దాలు ఇవ్వాలంది. చెత్త ఎత్తేటప్పుడు ప్రమాదంలో ఉన్న మనిషిగా కనిపించిన కార్మికురాలు, కాంటాక్టులు లెక్కపెట్టేటప్పుడు కనిపించకుండా పోతోంది.

లెక్కలు ఏం చెబుతున్నాయి

ఆసుపత్రుల్లో పనిచేసేవారికి అంటువ్యాధుల ముప్పు కొత్త కాదు. 2003లో ప్రపంచవ్యాప్తంగా నమోదైన 8,098 సార్స్ కేసుల్లో దాదాపు ఐదో వంతు వైద్య సిబ్బందే. కోవిడ్ వల్ల 2020 జనవరి నుంచి 2021 మే వరకు ప్రపంచంలో 80,000 నుంచి 1,80,000 మంది వైద్య సిబ్బంది చనిపోయి ఉంటారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

ఆ సిబ్బందిలో ఎవరికి ఎక్కువ సోకింది? బ్రిటన్‌లోని బర్మింగ్‌హామ్ యూనివర్సిటీ ఆసుపత్రుల్లో 2020 ఏప్రిల్ చివర్లో, లక్షణాలు లేకుండా డ్యూటీలో ఉన్న ఐదు వందల మందికి పైగా సిబ్బంది రక్తాన్ని పరీక్షించారు. మొత్తం మీద 24.4 శాతం మందిలో యాంటీబాడీలు కనిపించాయి. ఐసీయూ సిబ్బందిలో అది 14.8 శాతం. హౌస్‌కీపింగ్ సిబ్బందిలో 34.5 శాతం. ఆక్స్‌ఫర్డ్ ఆసుపత్రుల్లో సుమారు పది వేల మందిపై జరిగిన అధ్యయనంలోనూ రోగులను తరలించేవారు, క్లీనర్లలోనే సంక్రమణ ఎక్కువగా తేలింది. అత్యంత జబ్బుగా ఉన్న రోగుల మధ్య పనిచేసే ఐసీయూలో సంక్రమణ తక్కువగా ఉందంటే, అక్కడ మెరుగైన పీపీఈ ఇవ్వడం ఒక ముఖ్య కారణమని పరిశోధకులు భావించారు. రోగికి ఎంత దగ్గరగా ఉన్నారన్న దానితోపాటు, ఎవరికి ఏ రక్షణ ఇచ్చారన్నదీ ముప్పును నిర్ణయిస్తుంది.

కులం ఎక్కడుంది

మన దేశంలో మలమూత్రాలు, చెత్త, శవాలకు సంబంధించిన పనులను కులం ముందే పంచిపెట్టింది. కేంద్రం నమస్తే పథకం కింద 2024 నాటికి గుర్తించిన సుమారు 38,000 మంది మురుగు కాల్వల, సెప్టిక్ ట్యాంకుల కార్మికుల్లో 68.9 శాతం ఎస్సీలు. ఆసుపత్రి వార్డులు ఊడ్చేందుకూ ఎక్కువగా ఆ బస్తీల నుంచే వస్తారు. పనిని ఔట్‌సోర్సింగ్‌కు ఇచ్చాక ఆసుపత్రి ‘మా ఉద్యోగి కాదు’ అంటుంది, ఏజెన్సీ ‘మేం మనుషులను పంపడం వరకే’ అంటుంది. రోగం ఇంటికి వెళ్తే అక్కడ ఉండేది ఒకటే గది. విడిగా ఉండే సదుపాయం ఉంటేనే హోం ఐసొలేషన్ అన్న నిబంధన ఆ ఇంటికి పనికిరాదు.

ఆశా కార్యకర్తలది ఇంకో రకం స్థితి. ఇంటింటికీ తిరిగి కాంటాక్టులను వెతికింది వాళ్లే. ప్రభుత్వ లెక్కలో వాళ్లు ఉద్యోగులు కారు, వాలంటీర్లు.

నోరు విప్పితే

మాస్కుల కొరత గురించి 2020 ఏప్రిల్‌లో మాట్లాడిన నర్సీపట్నం ప్రభుత్వ ఆసుపత్రి మత్తు వైద్యుడు, దళితుడైన డాక్టర్ సుధాకర్‌ను సస్పెండ్ చేశారు. మే నెలలో విశాఖపట్నంలో పోలీసులు ఆయన చేతులు వెనక్కి కట్టిన దృశ్యాలు దేశమంతా చూసింది. ఆయనను మానసిక ఆసుపత్రికి తరలించారు. హైకోర్టు సీబీఐ విచారణకు ఆదేశించింది. ఆయన 2021 మేలో గుండెపోటుతో చనిపోయారు. డాక్టరుకే ఈ గతి పడితే ఏజెన్సీ కింద పనిచేసే స్వీపరు గొంతు ఎలా లేస్తుంది? అయినా లేచింది. 2020 జూలైలో హైదరాబాద్ గాంధీ ఆసుపత్రిలో ఔట్‌సోర్సింగ్ నర్సులు, ఆ వెంటనే నాలుగో తరగతి సిబ్బంది జీతాలు, ఉద్యోగ భద్రత కోసం సమ్మెకు దిగారు.

బీమా, జీతం: కాగితాల గొలుసు

2020 మార్చి 26న కేంద్రం వైద్య సిబ్బందికి రూ.50 లక్షల బీమా ప్రకటించింది. సఫాయి కార్మికులు, వార్డు బాయ్‌లు, ఆశాలు, ఔట్‌సోర్సింగ్ సిబ్బంది కూడా అందులో ఉన్నారు. అయితే కోవిడ్ మరణానికి క్లెయిమ్ చేయాలంటే పాజిటివ్ ల్యాబ్ రిపోర్టు కావాలి. మృతుడు తమ దగ్గర కోవిడ్ విధుల్లో ఉన్నాడని, రోగులతో నేరుగా కాంటాక్ట్‌లోకి వచ్చి ఉండవచ్చని ఆసుపత్రి ధ్రువపత్రం ఇవ్వాలి. కాంటాక్టుగా రాయకపోతే పరీక్ష జరగకపోవచ్చు. పరీక్ష లేకపోతే రిపోర్టు లేదు. రోస్టర్‌లో పేరు లేకపోతే ధ్రువపత్రం కోసం కుటుంబం ఎవరి గుమ్మం ఎక్కాలో తెలియదు.

క్వారంటైన్ జీతం విషయం 2020 జూన్, జూలైలలో సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. జీతాలు సకాలంలో చెల్లించాలని, క్వారంటైన్ రోజులను సెలవుగా లెక్కించరాదని కోర్టు పట్టుబట్టింది. కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే ప్రధాన యజమానే చెల్లించాలని 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం సెక్షన్ 21(4) చెప్పింది. వైద్య పనుల్లో అంటుకునే వ్యాధులను 1923 నాటి ఉద్యోగుల నష్టపరిహార చట్టం మూడో షెడ్యూలు వృత్తి వ్యాధులుగా గుర్తించింది. ఇవి మహమ్మారి నాటి చట్టాలు. ఇప్పుడు వీటి స్థానంలో లేబర్ కోడ్‌లు వచ్చాయి కాబట్టి కొత్త కేసుల్లో కోడ్‌ల సెక్షన్లు చూసుకోవాలి.

సమాచార హక్కు కింద ఏం అడగాలి

ఇంకో మహమ్మారి వచ్చేదాకా ఆగకుండా ప్రతి ప్రభుత్వ ఆసుపత్రిలో ఇప్పుడే అడగదగిన రికార్డులు ఇవి:

1. ఔట్‌సోర్సింగ్ సిబ్బంది డ్యూటీ రోస్టర్, వార్డు వారీగా, షిఫ్టు వారీగా.
2. ఏజెన్సీతో ఒప్పందం: ఎన్ని పోస్టులు, ఎంత జీతం, రక్షణ సామగ్రి బాధ్యత ఎవరిది.
3. మాస్కులు, గ్లౌజులు, బూట్లు ఎవరికి ఎన్ని ఇచ్చారో తెలిపే రిజిస్టర్.
4. ఇన్ఫెక్షన్ కంట్రోల్ కమిటీ సమావేశాల మినిట్స్.
5. 2016 జీవ వైద్య వ్యర్థాల నిబంధనల ప్రకారం కార్మికులకు వేయాల్సిన హెపటైటిస్-బి, ధనుర్వాతం టీకాల వివరాలు, ఏటా చేయాల్సిన ఆరోగ్య పరీక్షల వివరాలు.
6. అవే నిబంధనల కింద పంపాల్సిన ఫారం-1 ప్రమాద నివేదికలు, ఫారం-4 వార్షిక నివేదికలు.

‘అది ఏజెన్సీ సమాచారం’ అని అధికారి తప్పించుకోవచ్చు. ఒక ప్రభుత్వ సంస్థ ఏదైనా చట్టం ప్రకారం ప్రైవేటు సంస్థ నుంచి తెప్పించుకోగల సమాచారం కూడా తమ పరిధిలోదేనని సమాచార హక్కు చట్టం సెక్షన్ 2(ఎఫ్) చెబుతోంది. దరఖాస్తులో ఆ సెక్షన్‌ను ముందే రాయండి. జవాబు ముప్పై రోజుల్లో రావాలి. రోస్టర్ లేదని జవాబు వస్తే దాన్నీ దాచిపెట్టండి. ఎవరు ఏ వార్డులో పనిచేస్తున్నారో ఆసుపత్రి రాసుకోవడం లేదని చెప్పడానికి అదే సాక్ష్యం. కార్మికులు కూడా ప్రతి షిఫ్టూ తేదీ, వార్డు పేరు ఒక నోటుపుస్తకంలో రాసుకునేలా యూనియన్లు అలవాటు చేయాలి. ఆసుపత్రి రాయని రోజున చూపించడానికి ఆ పుస్తకమైనా మిగులుతుంది.