రంగులకు కాపలా

"పెద్దమ్మా, నేనింక కలర్ గార్డ్ మానేస్తున్నా" అంది మా చెల్లెలి కూతురు, టెక్సాస్ నుంచి ఫోన్ చేసి.

కలర్ గార్డ్ అంటే రంగులకు కాపలా కాయడమా, హోళీ నాడు చేసే పనా అని మొదట నాకు నవ్వొచ్చింది. తర్వాత అది పంపిన వీడియో చూశాను. బడిపిల్లలు పాతికమంది, తమకంటే పొడవైన కర్రలకు కట్టిన రంగురంగుల జెండాలను గిర్రున తిప్పుతున్నారు. పైకి విసిరి, అవి కిందికొచ్చేలోగా తామూ ఒక చుట్టు తిరిగి ఒడుపుగా పట్టుకుంటున్నారు. చెప్పొద్దూ, రెప్ప వేయలేకపోయాను! అందరి జెండాలూ చేతుల్లోకి వచ్చాయి. మా పిల్లది మాత్రం నేలమీద పడింది. అదీ సంగతి.

"పడితే ఏమైంది? మళ్ళీ తీసుకున్నావు కదా?"

"తీసుకున్నా. తీసుకొని ఆట సాగించమనే మా కోచ్ చెప్తుంది. కానీ అందరూ చూశారు పెద్దమ్మా!"

అందరూ చూడటమంటే ఏమిటో నాకు బాగా తెలుసు.

మాది గూడూరు. రైలు జంక్షన్ ఉన్న గూడూరు కాదు, కర్నూలు జిల్లా మగ్గాల గూడూరు. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా ఆగస్టు పదిహేనుకు మార్చ్‌పాస్ట్ పెట్టారు. జెండా పట్టడానికి డ్రిల్ మేడం నలుగురు ఆడపిల్లల్ని ఎంచింది. కర్ర నా చేతిలో, నాకు అటూ ఇటూ ఇద్దరు, వెనక ఒకరు.

ఇంట్లో మా అవ్వ ఒప్పుకోలేదు. "ఆడపిల్ల కట్టె భుజాన పెట్టుకొని బజార్లో తిరిగేదేందే?" అంది. మేడం ఇంటికే వచ్చింది. "అవ్వా, నువ్వు చిన్నప్పుడు కోలాటం ఆడలేదా?" అని అడిగింది. "ఆడకేం, నాలుగు ఊర్లు తిరిగి ఆడినా!" అంది అవ్వ. "మరి ఆ కట్టెలకు లేని తప్పు ఈ కట్టెకెందుకు?" అంది మేడం. అవ్వ ఇంకేం మాట్లాడలేదు. మర్నాటి నుంచి తనే తెల్లవారుజామున నన్ను లేపేది.

పదిహేను రోజులు సాధన చేశాం. అసలు జెండా ముట్టుకోనిచ్చేది కాదు మేడం. మగ్గం దగ్గర మిగిలిన గుడ్డముక్క వెదురుకర్రకు కట్టి నడిపించేది. "కొస వంక చూడొద్దు, ఎదురుగా చూడు. బరువు చేతిలో కాదు, నడుములో ఉండాలి" అనేది. మొదట్లో ఒకరి కాలు ఒకరు తొక్కేవాళ్ళం. పదో రోజు కాబోలు, ఉన్నట్టుండి నలుగురి అడుగులూ ఒకే చప్పుడై వినిపించాయి. ఆ సంతోషం ఏ బహుమతిలోనూ నాకు మళ్ళీ దొరకలేదు.

పండుగ నాడు ఎక్కణ్ణుంచి వచ్చిందో ఒక్క విసురు గాలి! కర్ర నా పిడికిలి జారింది. గుడ్డ నేలను తాకబోయేలోగా ఎడమపక్క పిల్ల చెయ్యి వచ్చి పట్టుకుంది. అడుగు కూడా తప్పలేదు. చాలామందికి తెలియనైనా తెలియలేదు. కానీ తెలియాల్సిన వాళ్ళకు తెలిసింది. మరుసటేడు "ఆడపిల్లలకు బరువులెందుకు" అంటూ జెండా మగపిల్లల కిచ్చారు. జారింది నా చెయ్యి. ఖాళీ అయినవి ఆడపిల్లలందరి చేతులూ.

అప్పటినుంచీ జెండా కథలు ఎక్కడ కనబడినా వదలకుండా చదువుతాను.

కలర్ అంటే ఇక్కడ రంగు కాదట. యూరప్ సైన్యాల్లో పటాలం జెండాను 'కలర్స్' అనేవారు. తుపాకుల పొగలో దారి తెలియనప్పుడు సిపాయిలు దాన్ని చూసే ఒకచోట చేరేవారు. అందుకే శత్రువు మొదటి గురి జెండా పట్టినవాడి మీదే. దానికి కాపలాగా నిలిచినవాళ్ళే కలర్ గార్డులు. బ్రిటిషు సైన్యంలో 1813లో 'కలర్ సార్జెంట్' అనే హోదాయే పుట్టింది. అమెరికా బళ్ళలో కవాతుకు నాట్యం తోడై, 1977లో 'వింటర్ గార్డ్ ఇంటర్నేషనల్' అనే సంస్థ ఏర్పడి, పోటీలు నడుపుతోంది.

మనకు మాత్రం కొత్తా? మా వైపు పీర్ల పండుగలో హిందువులూ ముస్లిములూ కలిసి భక్తితో ఎత్తుకునే పీర్లు యుద్ధ పతాకాలకు గుర్తులే. 680లో కర్బలాలో ఇమాం హుసేన్ పక్షాన జెండా పట్టిన అబ్బాస్ కథ వింటే ఇప్పటికీ కళ్ళు చెమరుస్తాయి.

ఇక మన జెండా సంగతి. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశమైంది. పింగళి వెంకయ్యగారు గాంధీజీకి జెండా నమూనా అందించింది అక్కడే. పత్తి మీద పరిశోధన చేసి 'పత్తి వెంకయ్య' అనిపించుకున్న మనిషి ఆయన. ఆదోని పత్తి బండ్లు చూస్తూ పెరిగినదాన్ని కదా, ఆ పేరంటే నాకు అదో మక్కువ. ఆ సభలకు వచ్చిన జనాన్ని అదుపుచేసింది దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి 'రామదండు': కాషాయ బట్టలు, మెడలో రుద్రాక్షలు, తర్ఫీదైన నడక. అంటే జెండా నమూనా వచ్చేనాటికే క్రమశిక్షణ నేర్చిన దండు మనకు సిద్ధంగా ఉందన్నమాట.

1923లో కాకినాడ కాంగ్రెసు మరో అడుగు. వాలంటీర్లకు కవాతు నేర్పే సేవాదళానికి హర్డీకర్‌గారు పునాది వేసింది అక్కడే. టిక్కెట్టు లేదని నెహ్రూగారినే ప్రదర్శన గుమ్మంలో ఆపేసిన పద్నాలుగేళ్ళ వాలంటీరు దుర్గాబాయి కథా అక్కడిదే. ఆడపిల్ల కాపలాకు పనికిరాదన్నది ఎవరు?

1930 జనవరి 26న బొంబాయిలో పెనుగులాట జరిగినప్పుడు జెండాను వదలకుండా కావలించుకుని నిలిచింది కమలాదేవి ఛటోపాధ్యాయ. 1947 ఆగస్టు 14 అర్ధరాత్రి రాజ్యాంగసభలో భారత స్త్రీలందరి తరఫున జాతీయ పతాకాన్ని సమర్పించింది హంసా మెహతా. ఆ పేర్లు ఎనిమిదో తరగతిలోనే తెలిసుంటే మా బడి పెద్దలతో నేనూ ఒక మాట అనేదాన్ని!

ఇదంతా మా పిల్లకు చెప్పాను. "ఒక తేడా ఉందమ్మా. మా జెండా నేల తాకకూడదు. మీది తాకినా తప్పులేదు, అది ఆటజెండా. కానీ రెండింటికీ సాధన ఒకటే. కిందపడితే తీసుకోమని మీ కోచ్ చెప్తోంది. నాకు రెండో అవకాశమే రాలేదు. ఇచ్చిన అవకాశాన్ని నువ్వే వదులుకుంటావా?"

అటువైపు కాసేపు చప్పుడు లేదు.

"మీ ఎడమపక్క పిల్ల ఇప్పుడెక్కడుంది పెద్దమ్మా?" అని అడిగింది.

"ఊళ్ళోనే ఉంది. మనవరాలిని బడికి పంపుతోంది."

"ఆమెకు థాంక్స్ చెప్పావా?"

నాకు నోటమాట రాలేదు. ముప్పైయేళ్ళు దాటింది. జారిన చెయ్యి గుర్తుంది గానీ, పట్టుకున్న చేతికి ఒక్క మాట చెప్పాలని తోచలేదు.

ఆదివారం గూడూరు వెళ్తున్నాను. మా పిల్ల మాత్రం సోమవారమే మళ్ళీ సాధనకు వెళ్ళిందట. నిన్న బట్టలారేసే కర్రతో నేనూ పెరట్లో నాలుగడుగులు వేసి చూశాను. బరువు ఇంకా నడుములోనే ఉంది!