ఎవరి మనిషివి?

1919లో సాక్చి గ్రామం జంషెడ్‌పూర్ అయింది. దానికి దారి చూపే కాళీమాటి రైల్వే స్టేషన్ టాటానగర్ అయింది. బెంగాల్ నాగపూర్ రైలు మార్గం వెంట, ఖరగ్‌పూర్ మీదుగా, ఆనాటి విశాఖపట్నం, గంజాం జిల్లాల తెలుగువారు ఆ స్టేషన్‌లో దిగి ఉక్కు కర్మాగారం వైపు నడిచిన కాలమది. వారి చేతిలో చదువు పట్టా లేదు, పాత యజమాని ఇచ్చిన యోగ్యతాపత్రం లేదు. ఉన్నదల్లా ముందే వచ్చి కుదురుకున్న బావగారి పేరో, సొంత ఊరి మేస్త్రీ పేరో. పనిలోకి తీసుకునేవాడికి తెలియవలసింది కూడా అంతే: ఈ వచ్చినవాడు ఎవరి మనిషి?

ఉద్యోగార్థి పూర్వాపరాలను విచారించి గానీ నియమించకూడదన్న నియమం ఈనాటి కార్పొరేట్ సంస్థలు కనిపెట్టినదని చాలామంది అనుకుంటారు. దానికి వందేళ్లకు పైబడిన చరిత్ర ఉంది. ఆ చరిత్రను చదవడానికి జంషెడ్‌పూర్‌ను మించిన ఊరు మన దేశంలో అరుదు. ఊరే కర్మాగారం కోసం పుట్టింది గనుక, అక్కడ ఉద్యోగానికి అర్హుడెవరన్న ప్రశ్న, ఊళ్లో ఉండటానికి అర్హుడెవరన్న ప్రశ్నతో మొదటినుంచీ ముడిపడి ఉంది.

పూచీ అన్నమాట తొలినాళ్లలో మనిషికి మనిషి ఇచ్చేది. సర్దారు తాను తెచ్చినవాడికి పూచీ పడేవాడు. వాడు పారిపోయినా, తాగి తగవులాడినా మాట పోయేది సర్దారుకే. ఇందులో ఒక నీతి ఉంది, దాన్ని చిన్నచూపు చూడనక్కరలేదు. పరాయి భాషల నడుమ, కొలిమి ముందు, తన ఊరివాడు పక్కన ఉండటం ప్రాణరక్షణ కూడా. అయితే ఆ పూచీకి ఒక ధర ఉండేది. 1929లో నియమితమై 1931లో నివేదిక ఇచ్చిన శ్రామిక రాయల్ కమిషన్, విట్లీ కమిషన్‌గా ప్రసిద్ధమైనది, దేశంలోని కర్మాగారాలన్నిటా ఈ మధ్యవర్తుల పెత్తనాన్ని పరిశీలించింది. పని ఇప్పించడానికి లంచం, పని నిలబెట్టుకోవడానికి మామూలు, సెలవు నుంచి తిరిగి చేరడానికి మళ్లీ లంచం. నియామకాన్నీ తొలగింపునూ మేస్త్రీల చేతినుంచి తప్పించి, అందుకోసం ప్రత్యేకంగా లేబర్ ఆఫీసర్లను నియమించాలని కమిషన్ సిఫారసు చేసింది. మనిషి మాట స్థానంలోకి కాగితం రావడానికి బాట పడింది.

కాగితం మామూలు అడగదు. కానీ అది మరచిపోదు కూడా. సర్దారు కోపం సర్దారుతో పోతుంది, కంపెనీ దస్త్రంలో పడిన పేరు అక్కడే ఉండిపోతుంది. జంషెడ్‌పూర్‌లో 1920, 1922 సమ్మెల తర్వాత ఈ సంగతి కార్మికులకు అనుభవంలోకి వచ్చింది. లేబర్ అసోసియేషన్ కార్యదర్శి జి. సేఠీని కంపెనీ ఉద్యోగం నుంచి తొలగించింది. ఆయనను తిరిగి తీసుకోవడం, సంఘాన్ని గుర్తించడం అన్న రెండు కోరికలు ఏళ్ల తరబడి నలిగాయి. 1925 ఆగస్టులో గాంధీజీ జంషెడ్‌పూర్ వచ్చి, సి.ఎఫ్. ఆండ్రూస్ తోడుగా ఆర్.డి. టాటాతో మాట్లాడిన తర్వాత గానీ ఆ ముడి విడలేదు. ఒక ఉద్యోగి పునర్నియామకానికి జాతీయ నాయకుడు మాట సాయం చేయవలసి వచ్చింది! గాంధీ సిఫారసు దొరకని సామాన్యుల గతి ఏమిటో ఊహించడం కష్టం కాదు. మూడేళ్లకు, 1928లో, మరింత పెద్ద సమ్మె వచ్చింది. ఆ వివాదాన్ని రాజీ దాకా నడిపినవాడు సుభాష్ చంద్రబోస్.

స్వాతంత్ర్యం తర్వాత ఈ ఊళ్లోనే, 1949లో, ఫాదర్ క్విన్ ఎన్‌రైట్ అనే జెసూట్ గురువు జేవియర్ లేబర్ రిలేషన్స్ ఇన్‌స్టిట్యూట్‌ను స్థాపించారు. నేడు దేశంలోని పెద్ద సంస్థలలో దరఖాస్తుదారుల గతాన్ని శోధించే మానవ వనరుల అధికారులలో ఎందరో ఆ విద్యాలయం నుంచి వచ్చినవారే. మరోపక్క అదే ఊళ్లో, ఉద్యోగి బిడ్డకు ఉద్యోగంలో ప్రాధాన్యం ఇచ్చే సంప్రదాయం దశాబ్దాల పాటు కొనసాగింది. తండ్రి సర్వీసు రికార్డే కొడుకుకు యోగ్యతాపత్రం. సర్దారు వెళ్లిపోయాడు గానీ ఎవరి మనిషివన్న ప్రశ్న వెళ్లలేదు, ఎవరి కొడుకువని రూపం మార్చుకుంది. బిష్టుపూర్‌లో ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం కట్టుకున్న తెలుగు సమాజం తరాల తరబడి అక్కడ వేళ్లూనడానికి ఈ సంప్రదాయం కొంత కారణం. బయటివారికి తలుపు మూసుకుపోవడానికీ అదే కారణం.

ప్రైవేటు సంస్థ కన్నా ప్రభుత్వం భయపడటం మొదలుపెడితే విచారణ మరింత లోతుకు పోతుంది. మధ్యప్రదేశ్‌లో ఒక మున్సిపల్ పాఠశాల ప్రభుత్వపరం అయినప్పుడు, అందులోని ఒక ఉపాధ్యాయుడిని ప్రభుత్వ సర్వీసులోకి తీసుకుని, పోలీసు నివేదిక వచ్చాక తొలగించారు. ఆయన జనసంఘ్, ఆర్ఎస్ఎస్ కార్యక్రమాలలో పాల్గొన్నాడన్నదే ఆ నివేదిక సారం. 1983లో సుప్రీంకోర్టు ఆ తొలగింపును తప్పుబట్టింది. తీర్పు రాసినవారు ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో న్యాయమూర్తిగా పనిచేసిన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి. అమెరికాలో మెకార్తీ కాలపు వేటను గుర్తుచేస్తూ, నిషేధంలో లేని సంస్థలో ఒకప్పుడు పాల్గొన్నాడన్న కారణంతో ఉద్యోగం నిరాకరించడం 14, 16 అధికరణాలకు విరుద్ధమని ఆయన తేల్చారు. ఆయన భావజాలానికీ ఆ ఉపాధ్యాయుడి భావజాలానికీ మధ్య దూరం ఎంతో తెలిసినవారికి ఆ తీర్పు విలువ ఇంకా బాగా తెలుస్తుంది. అత్యవసర పరిస్థితి కాలంలో పంజాబ్ హర్యానా హైకోర్టుకు బదిలీ అయిన న్యాయమూర్తులలో ఆయనా ఒకరు. ప్రభుత్వం ఒక మనిషి గురించి ఏమనుకుంటుందో అది అతని ఉద్యోగాన్ని ఎలా తాకుతుందో ఆయనకు పుస్తకాల ద్వారా మాత్రమే తెలిసిన విషయం కాదు.

దరఖాస్తులో క్రిమినల్ కేసును దాచిపెట్టినవారి విషయంలో 2016లో అవతార్ సింగ్ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం కొన్ని సూత్రాలు నిర్దేశించింది. దాచిన విషయం ఎంత తీవ్రమైనది, ఉద్యోగం ఎటువంటిది అన్నవి చూడకుండా యాంత్రికంగా తొలగించరాదన్నది అందులో ముఖ్యమైనది. నడవడి గురించిన విచారణకు ఆ మేరకు న్యాయమైన హద్దులు ఏర్పడ్డాయి.

ఇక జార్ఖండ్‌లో విచారణ మనిషి నడవడిని దాటి పుట్టుకకు చేరింది. 2000 నవంబర్ 15న రాష్ట్రం ఏర్పడిన రెండేళ్లకే బాబూలాల్ మరాండీ ప్రభుత్వపు స్థానికత విధానం హింసకు దారితీసింది, హైకోర్టు దాన్ని కొట్టివేసింది. 2021లో శాసనసభ, నెలకు 40,000 రూపాయల లోపు జీతమున్న ప్రైవేటు ఉద్యోగాలలో 75 శాతం స్థానికులకే ఇవ్వాలని చట్టం చేసింది. 2024 డిసెంబర్‌లో హైకోర్టు దాని అమలును నిలిపివేసింది. 2022 నవంబర్‌లో, 1932 నాటి భూమి రికార్డులో, అక్కడి మాటలో ఖతియాన్‌లో, పూర్వీకుల పేరున్నవారే స్థానికులన్న బిల్లు సభ ఆమోదం పొందింది.

ఆదివాసుల ఆవేదనకు ఆధారం లేదనడం అన్యాయం. సాక్చి చుట్టూ భూమి వారిది. దానిపై లేచిన కర్మాగారంలో మంచి కొలువులు ఎక్కువగా పైనుంచి వచ్చినవారికి దక్కాయి. తెలుగువారు కూడా ఆ పైవారిలోని భాగమే. అయినా 1932 అన్న అంకె వారి చేతిలోనూ సరిగా ఇమడదు. తమ ప్రాంతంలో చివరి సర్వే 1960లలో జరిగిందంటూ జంషెడ్‌పూర్ ఉన్న కొల్హాన్ నుంచే అభ్యంతరాలు లేచాయి. ఇక తెలుగు కార్మికుడి మునిమనవడి సంగతి. ముత్తాత 1932కు ముందే కొలిమి ముందు నిలబడి ఉండవచ్చు, ఆయన పేరు కంపెనీ హాజరుపట్టీలో ఉండి ఉండవచ్చు. కానీ ఆయన కాపురం ఉన్నది కంపెనీ క్వార్టర్‌లో. ఖతియాన్‌లో పేరు ఎక్కాలంటే ఉండవలసింది భూమి.