మూడు రాష్ట్రముల నడుమ ఏనుగుల త్రోవ: హొసూరు, కోలారు, కుప్పము సీమల చరిత్రలో ఒక ప్రకరణము

ఆంధ్రదేశపు ఎల్లలకు వెలుపల తరతరములుగా స్థిరపడిన తెలుగువారి చరిత్రను వ్రాయువారు సాధారణముగా రాజుల దండయాత్రలను, నాయకుల పాలెములను, దేవాలయ శాసనములను ఆధారముగా గొందురు. అది యుక్తమే. కాని ఆ జనులు ఏ నేలను దున్నిరో ఆ నేలమీద వారికంటె ముందుగా నడచిన ప్రాణుల కథకూడ వారి చరిత్రలో భాగమేయని నా అభిప్రాయము. హొసూరు, కోలారు, కుప్పము సీమలలో ఈ మాట మిక్కిలి స్పష్టముగా కనబడును. ఈ సీమలలోని పెక్కు గ్రామములందు ఇంట తెలుగు, సంతలో కన్నడము, కచేరిలో తమిళమో కన్నడమో వినబడుచుండును. రాష్ట్రముల సరిహద్దులు పొలముల నడుమనుండియే పోవుచున్నవి. ఈ సరిహద్దుల నెరుగని బాటసారి యొకడు ఏటేట ఈ మూడు రాష్ట్రములను దాటి నడచుచున్నాడు. ఆ బాటసారియే అడవి ఏనుగు.

ముందుగా ఆ త్రోవ యెట్టిదో చెప్పవలెను. కావేరీ లోయకు ఉత్తరమున అంచెట్టి, డెంకణికోట, జవళగిరి అడవులు గలవు. వానికి పడమటి దిక్కున కర్ణాటకమునందలి బన్నేరుఘట్ట అడవి యున్నది. వేసవిలో ఏనుగులు నీరెండని చోటులను ఆశ్రయించి యుండును. వానలు కురిసి పచ్చిక మొలచినపిమ్మట మందలు ఉత్తరముగా, తూర్పుగా కదలును. తళి, సానమావు, శూలగిరి మీదుగా కొన్ని మహారాజకడై వరకును, అచ్చటనుండి కుప్పము, పలమనేరు అడవులకును, బంగారుపేట తాలూకాలోని కామసముద్రపు అడవులకును పోవుచుండును. ఈ దారిలో అడవి ఏకఖండముగా లేదు. గుట్టకు గుట్టకు నడుమ పైరులు, చెరువులు, ఊళ్లు గలవు.

ఏనుగు ఇంత దూరము నడచుట విలాసమునకు గాదు. పెరిగిన ఏనుగునకు దినమునకు ఇంచుమించు 150 కిలోల మేత కావలెను. ఒక్క చోటనే నిలిచినచో అది తానున్న అడవిని తానే పాడుచేసికొనును. కావున వందలకొలది చదరపు కిలోమీటర్ల మేర తిరుగుచు, తిన్న చోటికి మరల చిగురు వచ్చు వ్యవధి నిచ్చును. మందను నడుపునది వృద్ధురాలగు ఆడ ఏనుగు. ఏ గుట్ట వెనుక చెలమ గలదో, ఏ నెలలో ఏ లోయ పచ్చబడునో దాని జ్ఞాపకములో నుండును. పిల్లలు దాని వెంట నడచి ఆ త్రోవను నేర్చుకొనును. త్రోవ తెగినచో తెగునది నేల మాత్రమే గాదు, ఒక జాతి జ్ఞాపకము.

ఇక చరిత్ర. ఏనుగులను రాజ్యాంగమున ఒక అంగముగా నెంచుట మన దేశమున ప్రాచీనాచారము. కౌటిల్యుని అర్థశాస్త్రము గజవనములను ప్రత్యేకముగా కాపాడవలెననియు, ఏనుగును చంపినవానికి మరణదండన విధింపవలెననియు శాసించినది. విజయనగర ప్రభువులకాలమున పెనుకొండనుండి కావేరివరకు తెలుగు నాయకులు, వారితోకూడ రైతులు, చేతిపనివారు విస్తరించిరి. బారామహలు సీమ జగదేవరాయల వంశపు ఏలుబడిలో నుండెను. చెరువులు త్రవ్వబడెను, అడవులు కొట్టబడెను, మెట్ట భూములలో రాగి పైరు ప్రధానమయ్యెను. తదుపరి మైసూరు యుద్ధములు ఈ సీమను పలుమారులు తొక్కివేసెను. 1792 నాటి శ్రీరంగపట్టణ సంధితో బారామహలు ఆంగ్లేయుల వశమయ్యెను. అలెగ్జాండరు రీడు, ఆయనకు సహాయకుడుగా థామసు మన్రో ఇచ్చట భూములను కొలిపించి శిస్తులు నిర్ణయించిరి. కొలిచిన భూమికి హద్దులేర్పడినవి. హద్దులు గల భూమికి కావలి కావలసి వచ్చినది.

1864 లో జోలార్‌పేటనుండి బెంగుళూరునకు రైలుమార్గము కుప్పము, బంగారుపేటల మీదుగా వేయబడెను. 1880 తరువాత కోలారు బంగారు గనులలో పని పెరుగగా తెలుగు, తమిళ సీమలనుండి వేలకొలది కూలీలు వచ్చి స్థిరపడిరి. 1873 లో మద్రాసు ప్రభుత్వము అడవి ఏనుగుల రక్షణకు చట్టము చేసినది గాని, చిత్తూరు సీమలో అప్పటికే ఏనుగులు లేవు. ఇంచుమించు రెండువందల సంవత్సరములు ఈ సీమ ఏనుగును ఎరుగదు.

1980 ల పూర్వార్ధములో హొసూరు, ధర్మపురి అడవులనుండి కొన్ని ఏనుగులు పలమనేరు, కుప్పము అడవులకు వచ్చెను. కరవులు, పాత అడవులలో మేత క్షీణించుట దీనికి కారణములుగా చెప్పుదురు. 1990 లో కౌండిన్య అభయారణ్యము ఏర్పడినది. 1992 లో కేంద్ర ప్రభుత్వము ఏనుగుల పరిరక్షణ పథకమును ప్రారంభించినది. 2003 లో రాయల గజ సంరక్షణ ప్రదేశము ప్రకటింపబడినది.

ఇచ్చట చదువరులు గమనింపవలసిన విషయమొకటి గలదు. డెంకణికోట ప్రాంతపు రైతు తాతల కాలమునుండి ఏనుగు నెరిగినవాడు. మంచె యెక్కడ కట్టవలెనో, ఏ చీకటిలో ఏ గట్టుమీద నడువరాదో అతనికి తెలియును. కుప్పము రైతునకు అట్టి వారసత్వము లేదు. ఏనుగులు తిరిగివచ్చునప్పటికి ఆ త్రోవ పొలమైపోయినది, త్రోవ జ్ఞాపకము జనులలో చెరిగిపోయినది. అటుపిమ్మట మార్పు మరింత వేగముగా జరిగినది. 1970 లనుండి హొసూరు పారిశ్రామిక నగరమైనది. రహదారి విశాలమై పగలు రేయి లారీలతో నిండినది. గులాబి తోటలు, కూరగాయల తోటలు, నల్లరాతి క్వారీలు, ఇండ్ల స్థలములు గుట్టల నడుమ ఖాళీలను పూరించినవి. గొట్టపుబావులవలన వేసవియందును పచ్చని పైరు నిలిచినది. త్రోవ ఇరుకగుచుండగా త్రోవ ప్రక్క ఆకర్షణ పెరిగినది. 1980 లలో ఏనుగులపై పరిశోధన చేసిన శాస్త్రవేత్త రామన్ సుకుమార్ ఒక సంగతిని నిరూపించెను. పండిన రాగి పైరులో అడవి గడ్డికంటె మాంసకృత్తులు, సున్నము, ఉప్పు హెచ్చు. మందలకంటె ఒంటరి మగ ఏనుగులే పైరుపై హెచ్చుగా పడును.

రైతు కష్టము స్వల్పమైనది కాదు. కోతకు వారము ముందు ఒక్క రాత్రిలో ఏడాది గ్రాసము పోవును. కావలికి పోయిన మనుష్యుడు తిరిగి రాకపోయిన ఇండ్లు ఈ మూడు సీమలలోను గలవు. కావున కంచెను కోరు రైతును నిందించుట న్యాయము కాదు. ప్రశ్న కంచె ఉండవలెనా యనునది కాదు, ఎక్కడ ఉండవలెననునది.

పూర్వము ముళ్లకంప, కిత్తనార, బ్రహ్మజెముడు కంచెలు పశువులను ఆపుటకు చాలియుండెను. ఏనుగులకొరకు నేడు త్రవ్వు కందకములు రెండు వానలకు ఒండ్రుతో పూడును. ఏనుగులు గట్టును కాళ్లతో త్రోసి మెట్లు చేసికొని దాటును. సూర్యశక్తితో పనిచేయు తీగెకంచె క్షణకాలము మాత్రము తగులు స్వల్పాఘాతముతో బెదరించును, చంపదు. కాని దంతమునకు విద్యుత్తు ప్రాకదని గ్రహించిన ఏనుగు దంతముతో తీగెను త్రెంచును, లేదా చెట్టును దానిపై పడద్రోయును. కర్ణాటకమున పాత రైలు పట్టాలతో దిట్టమైన కంచెలు వేసిరి. అన్నిటికంటె ఘోరమైనది ఇంటి కరెంటును నేరుగా తీగెకు కలుపుట. 2023 మార్చిలో ధర్మపురి జిల్లా మారండహళ్లి సమీపమున అట్టి తీగె తగిలి మూడు ఆడ ఏనుగులు మరణించెను. వాని ప్రక్కన రెండు పిల్లలు మిగిలెను. ఆ తీగెకు పశువు, పసివాడు అను భేదము లేదు.

కంచె గట్టిదైనకొలది వేరొక చిక్కు వచ్చును. ఒక యూరిని కాపాడిన కంచె ఏనుగును పొరుగూరికి త్రోయును. ఒక రాష్ట్రము తన హద్దున కందకము త్రవ్వగా మంద ప్రక్క రాష్ట్రమున చిక్కుకొనును. అచ్చటివారు బాణసంచాతో తరుముదురు. అది తిరిగి కందకమువద్దకు వచ్చును. అటు నిటు తరుమబడు ఏనుగు అలసి, బెదరి, మునుపు తొక్కని ఊళ్లను తొక్కును. నష్టపోవువాడు హద్దుకు ఏ ప్రక్కనున్నను మన రైతే.

ఇట్టి కథయే ఒడిశా సరిహద్దునను నడచినది. లఖారి లోయనుండి 2007 లోను, తిరిగి 2018 లోను ఏనుగులు శ్రీకాకుళము, విజయనగరము ప్రాంతములకు దిగివచ్చెను. రెండవ మారు వచ్చినవి పార్వతీపురము సీమలో నిలిచిపోయెను. 2023 మే నెలలో భామిని మండలమున నాలుగు ఏనుగులు విద్యుద్ఘాతమున మరణించెను. పర్లాకిమిడి తెలుగువారికి, హొసూరు తెలుగువారికి దూరము పెక్కు క్రోసులైనను సమస్య యొక్కటే.

పరిష్కారమునకు దారి కొంత తెరచుకొన్నది. 2014 లో కృష్ణగిరి, ధర్మపురి అడవులలో ఉత్తర కావేరి అభయారణ్యము ఏర్పడినది. 2023 లో కేంద్ర ప్రభుత్వము దేశమునందు 150 ఏనుగుల నడవలను గుర్తించి ప్రకటించినది. 2024 లో ఆంధ్ర, కర్ణాటక ప్రభుత్వములు ఒప్పందము చేసికొనగా, 2025 మే నెలలో నాలుగు కుంకీ ఏనుగులు ఆంధ్రమునకు అప్పగింపబడినవి. అయినను కుంకీ తరుమగలదు గాని త్రోవ నీయలేదు. త్రోవ నీయవలసినది మనుష్యుడే. ఊరిని, పైరును చుట్టి కంచె వేయవలెను. అడవిని చుట్టి, గుట్టకు గుట్టకు నడుమ అడ్డముగా వేయరాదు. కొన్ని గ్రామములవారు కలసి పైరు కాలమున వేసి, కోత కాగానే తీసివేయు తీగెకంచె ఒక్కొక్కరు వేయు శాశ్వతపు కంచెకంటె మేలు. నడవలో ఇండ్ల స్థలములకు, క్వారీలకు అనుమతి కోరునపుడు గ్రామసభ ఈ సంగతి నడుగవలెను.

ఈ కార్యమున సరిహద్దు తెలుగువారికి ప్రత్యేక స్థానము గలదు. శూలగిరిలో అన్న, కుప్పములో చెల్లెలు, కామసముద్రములో మేనమామ గల కుటుంబములు మనలో కొల్లలు. మంద కదలినదను వార్త ఒక రాష్ట్రపు కచేరినుండి మరియొక కచేరికి చేరులోపుగా బంధువునకు బంధువు చెప్పగలడు. మూడు భాషలు తెలిసినవారు మూడు రాష్ట్రముల అధికారులయెదుట రైతు పక్షమును, ఏనుగు పక్షమును ఒక్కమారే నివేదింపగలరు. మన పూర్వులు ఒకనాడు బ్రదుకుతెరువు వెదకుచు ఈ త్రోవలనే నడచి వచ్చి, ఇచ్చటివారు చోటీయగా నిలిచిరి. ఆ చరిత్రను గౌరవించు సంఘములు సరిహద్దు గ్రామముల పెద్దలవద్ద మిగిలియున్న పాత త్రోవల వివరములను సేకరించి పటములపై గుర్తించినచో, అది రైతులకును, అటవీశాఖలకును, రాబోవు తరములకును ఉపకరించునని విశ్వసించుచున్నాను.